మన పిండి మనం పట్టుకెళ్తే కాల్చి ఇచ్చే బేకరీ, విజయనగరం: అయిదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నాను, బేకరీ పేరు రాయట్లేదు. రాస్తానని ఓనర్ గారిని అడిగితే "వద్దమ్మా, డిసెంబర్లో ఉన్నవాళ్లకే జవాబు చెప్పుకోలేకపోతున్నాను, నువ్వు కూడా రాసేస్తే నేను షట్టర్ దించేసి పారిపోవాలి" అన్నాడు. ఆనవాలు మాత్రం చెప్తాను. గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరం, సందులోకి, ముందు మామూలు అద్దాల షోకేసు, వెనక కట్టెల భట్టీ. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి ఈపాటికి తెలిసిపోయుంటుంది. తెలియనివాళ్లు క్రిస్మస్‌కి మూడు నాలుగు రోజుల ముందు రాత్రి ఎనిమిదింటికి ఆ చుట్టుపక్కల నిలబడండి, గంగాళం మీద తడిగుడ్డ కప్పి మోసుకెళ్తున్నవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు, వాళ్ల వెనకే వెళ్లిపోండి.

సర్వీసు ఏంటంటే, మన కేకు పిండి మనం ఇంట్లో కలుపుకుని తీసుకెళ్తే వాళ్లు భట్టీలో కాల్చి ఇస్తారు, అంతే. ఏడాది పొడుగునా వాళ్ల పని బ్రెడ్డు, రస్కులు, బన్నులు. డిసెంబర్ మూడో వారం నుంచి క్రిస్మస్ ముందు రాత్రి దాకా మాత్రం రేపటి బ్రెడ్డు కాల్చేశాక, భట్టీలో మిగిలిన వేడి మీద మన కేకులు పెడతారు. పోయిన డిసెంబర్లో కేజీ డబ్బాకి 50 రూపాయలు తీసుకున్నారు. మావి పదహారు డబ్బాలు, 800 అయింది. అంతకుముందు ఏడాది 40. పెంచారని చిన్నన్నయ్య గొణిగాడు గానీ కట్టెల రేటు తెలిసినవాళ్లెవరూ అలా గొణగరు.

పదహారు కేజీలేంటి, పెళ్లా అని అడుగుతారేమో. మేం తొమ్మిదిమందిమండీ. అయిదుగురు ఆడపిల్లలం, నలుగురు మగపిల్లలు, నేను ఆరోదాన్ని. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు, అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. బాప్టిస్టు సంఘం, ఇంట్లో అందరికీ బైబిలు పేర్లే, నాన్నకి కోపం వస్తే సరైన పేరు దొరికేలోపు ముగ్గురు నలుగురు ప్రవక్తల్ని పిలిచేవాడు. ఇప్పుడు పెద్దప్ప (అప్ప అంటే మాకు అక్క) పలాసలో, పెద్దన్నయ్య భిలాయిలో, రెండో అప్ప బొబ్బిలిలో, మూడో అప్ప ఖరగ్‌పూర్‌లో, ఒక తమ్ముడు విశాఖలో, చెల్లి సికింద్రాబాద్‌లో, చిన్నోడు రాయగడలో. నేనూ చిన్నన్నయ్యా ఊళ్లోనే. మాకున్న అదృష్టం ఏంటంటే హౌరా లైనూ రాయ్‌పూర్ లైనూ కలిసేది విజయనగరం జంక్షన్‌లోనే కాబట్టి, ఎవరు ఎటునుంచి వచ్చినా దిగేది మా ఊళ్లోనే. డిసెంబర్ 21కల్లా అందరూ దిగిపోవాలి, అది అమ్మ ఆర్డరు. అమ్మకి ఎనభై దాటాయి, ఆవిడ ఆర్డర్ల మీద అప్పీలు లేదు.

కేకు లెక్క రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మూడు కేజీల మైదా, మూడు కేజీల వెన్న, మూడు కేజీల పంచదార పొడి, అరవై గుడ్లు, అంటే రెండు ట్రేలు. గుడ్డు సుమారుగా యాభై గ్రాములు అనుకుంటే అదీ మూడు కేజీలే. నాలుగూ సమానం. పాత రోజుల్లో ఒక్కో పౌను చొప్పున వేసేవాళ్లు కాబట్టే దీనికి పౌండ్ కేక్ అని పేరు. దీనిమీద పళ్లు, పప్పులు కలిపి నాలుగు కేజీలు: ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్కు, టూటీఫ్రూటీ, జీడిపప్పు. టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలేనని తెలిసిన రోజున మా చెల్లి ఏడ్చింది, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. జీడిపప్పు పెద్దప్ప వంతు, పలాసలో ఉంటూ జీడిపప్పు తేకుండా వస్తే స్టేషన్ నుంచే తిప్పి పంపేస్తామని బెదిరింపు. రంగు కోసం పంచదారని నల్లగా మాడ్చి నీళ్లు పోసి పాకం చేస్తాం, బజారు రంగులు వేయం. ఎండుద్రాక్షని చివర్లో పొడి మైదాలో దొర్లించి కలపాలి, లేకపోతే అన్నీ అడుక్కి దిగిపోతాయి.

పళ్లు నవంబర్ మొదట్లోనే నానబెడతాం. ద్రాక్షరసంలోనండీ, రమ్ములో కాదు. మా సంఘంలో, గుళ్లో రొట్టె, రసం తీసుకునే ప్రభువు బల్లకి కూడా ద్రాక్షరసమే, ఇంక ఇంట్లో రమ్ము మాట ఎత్తితే అమ్మ ఊరుకుంటుందా. పెద్దబావ ఏటా ఒకసారి "రమ్ములో నానబెడితే నిలవుంటుందంట" అంటాడు, అమ్మ ఏటా ఒకసారి "ఎవరికంటా నిలవ?" అంటుంది. అక్కడితో ఆ ఏటికి ఆ చర్చ సమాప్తం.

ఇంక బేకరీ పనితనం. మాస్టర్ పాతికేళ్ల కిందట ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. భట్టీ వేడి చూడటానికి ఆయన దగ్గర మీటరు లేదు. నిప్పులు వెనక్కి లాగేసి, నేల తుడిచేసి, చిటికెడు మైదా లోపలికి చల్లుతాడు. పిండి వెంటనే నల్లబడితే ఇంకా ఆగాలి. మెల్లగా గోధుమరంగుకి తిరిగితే డబ్బాలు లోపలికి పెట్టొచ్చు. బ్రెడ్డుకి గట్టి వేడి కావాలి, కేకుకి దిగుతున్న వేడి కావాలి. అందుకే కేకుల వంతు బ్రెడ్డు తర్వాత వస్తుంది, అందుకే మనం ఎనిమిదింటికి వెళ్లినా మన డబ్బాలు బయటికి వచ్చేసరికి పన్నెండు అవుతుంది. మధ్యలో తలుపు తీయమని ఎంత బతిమాలినా తీయడు. తీస్తే నడుం కూలుతుందంటాడు, కేకుది. రెండేళ్ల కిందట మా పిండి గట్టిగా ఉందని వేలితో చూసి చెప్పి, షాపులోంచి పాలు తెప్పించి తనే పోసి కలిపాడు, పాల డబ్బులు తీసుకోలేదు. కాల్చిన కేకు పైన సన్నగా పగిలి, లోపల తడి తడిగా, అంచుల దగ్గర కొద్దిగా పొగవాసన. ఈ పొగవాసన కరెంటు ఓవెన్‌లో రమ్మన్నా రాదు.

ఎలా తెలుసంటే, ప్రయత్నించాం. సికింద్రాబాద్ చెల్లి కొడుక్కి కొత్తగా ఉద్యోగం వచ్చి, "పెద్దమ్మా, మీరెందుకు రాత్రిపూట చలిలో రోడ్డు మీద కూర్చోవడం" అని 30 లీటర్ల ఓవెన్ కొనిచ్చాడు. పాపం మంచి ఉద్దేశమే. దాంట్లో ఒకసారికి రెండు డబ్బాలు పడతాయి. పదహారు డబ్బాలంటే ఎనిమిది వాయిలు, వాయికి గంటా పావు. పొద్దున్న మొదలెడితే రాత్రయింది, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, మూడో వాయి కేకు మధ్యలో గుంటపడి పళ్లెంలా తయారైంది. అయినా అసలు ఇబ్బంది అది కాదు. ఆ రోజు మేం తొమ్మిదిమందిమీ ఒకే ఇంట్లో ఉండి కూడా ఒకచోట కూర్చోలేదు. ఒకరు ఓవెన్ దగ్గర, ఒకరు వంటింట్లో, ఇద్దరు ఫోన్లలో, అన్నయ్యలు టీవీ ముందు, వదినలు "కాఫీ ఎవరికి" అని తిరుగుతూ, పిల్లలు కాళ్లకి అడ్డం. సాయంత్రం పెద్దప్ప "ఈసారి కేకు అయింది గానీ క్రిస్మస్ అవ్వనట్టుందర్రా" అంది. ఆ ఓవెన్ ఇప్పుడు అటకమీద ఉంది, అందులో అమ్మ వడియాలు దాచుకుంటుంది. మూత గట్టిగా పడుతుంది, చీమలు పట్టవు, ఆ పనికి అయిదుకి అయిదు ఇవ్వొచ్చు.

బేకరీకి వెళ్లేది మేం తొమ్మిదిమందిమే. వదినలు, బావలు, మరదళ్లు, పిల్లలు ఇంటి దగ్గరే. ఇదేదో నియమం పెట్టుకున్నది కాదు, ఆ సందులో అంతమందికి చోటు లేక అలా అయింది. ఏడాది మొత్తంలో మేం ఎవరికీ అమ్మ కాకుండా, నాన్న కాకుండా, అత్త కాకుండా, ఉత్త అప్పలం అన్నదమ్ములం అయ్యే నాలుగు గంటలు అవే. బేకరీ ఎదురుగా మూసేసిన ఓ షాపు అరుగుంది, దానిమీద వయసు వరసలో కూర్చుంటాం. అదీ ఎవరూ చెప్పింది కాదు. చిన్నప్పుడు చాప మీద పడుకున్న వరస అది. అరవై ఎనిమిదేళ్ల పెద్దప్ప ఒక చివర, నలభై తొమ్మిదేళ్ల చిన్నోడు ఇంకో చివర, వాడికి అరుగు ఎప్పుడూ సగమే దొరుకుతుంది, ఏటా "కొద్దిగా జరగండి" అంటాడు, ఏటా ఎవరూ జరగరు.

మాటలేంటి అంటే ఏమీ లేవు, అవే పాత కథలు. నాన్న ఒకే తాను గుడ్డ తెచ్చి మగపిల్లలకి చొక్కాలు, ఆడపిల్లలకి గౌన్లు కుట్టించేస్తే గుళ్లో మేం నడుస్తుంటే బ్యాండ్ మేళం వచ్చిందనేవాళ్లు. ఆ గుడ్డ చిన్నదైపోయాక పైవాళ్లవి కిందవాళ్లకి దిగేవి, చిన్నోడు పదో క్లాసు దాకా వాడి సొంత చొక్కా అనేది చూడలేదు, ఆ పూలచొక్కా నలుగురి ఒంటిమీదా నాలుగు ఫోటోల్లో ఉంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో తలా ఒక వచనం అప్పజెప్పాలి. యోహాను సువార్త 11వ అధ్యాయం 35వ వచనం, "యేసు కన్నీళ్లు విడిచెను", మూడే మూడు ముక్కలు, దానికోసం మా ఇంట్లో యుద్ధాలు జరిగాయి. ముందు ఎవరు అందుకుంటే వాళ్లది. మిగిలినవాళ్లు పొడుగువి చెప్పుకోవాలి. రెండో అప్ప నర్సింగ్ చదువుకి హాస్టల్‌కి వెళ్లిపోయిన రాత్రి, ప్రార్థనలో ఆ వచనం ఎవరూ తీసుకోలేదు, దాని వంతని అలా వదిలేశాం. ఈ సంగతి రెండో అప్పకి నలభై ఏళ్ల తర్వాత, ఈ అరుగు మీదే తెలిసింది. "ఏటి, నిజంగానా?" అని మూడుసార్లు అడిగింది, తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని మంచు అంది.

కేకు కోయడం కూడా. అప్పట్లో ఇంటికి ఒకటే కేకు, పదకొండు ముక్కలు. నాన్న దారంతో కోసేవాడు, కత్తితో అయితే పొడి రాలిపోతుందని. పొడి రాలితే దానికీ పంపకం కావాలి కదా. నాన్న మాకు ఎప్పుడూ అన్నదమ్ములు కలిసుండాలని క్లాసు పీకలేదు. కొట్టుకుంటున్నప్పుడు మాత్రం "యోసేపును ఇరవై వెండి నాణేలకి అమ్మింది పక్కింటోళ్లు కాదర్రా, సొంత అన్నలే" అని చెప్పి బయటికి వెళ్లిపోయేవాడు. దాంతో మేం చిన్నోడిని ఎంతకి అమ్మొచ్చో బేరం మొదలెట్టేవాళ్లం.

ఆయనకి 133వ కీర్తన ఇష్టం. సహోదరుల ఐక్యత గురించి, మూడే వచనాలు. అందులో అహరోను గడ్డం మీదుగా తైలం కారుతుందన్న పోలిక ఉంది కదా. మా చిన్నోడు ఈమధ్య గడ్డం పెంచాడు. పోయిన డిసెంబర్లో డబ్బాలకి వెన్న రాస్తూ దురద పుట్టి ఆ చేత్తోనే గోక్కున్నాడు, వెన్న గడ్డంలోంచి కారింది. పెద్దన్నయ్య, సంఘంలో డీకను, మామూలుగా నవ్వని మనిషి, "ఒరేయ్, వచనం నెరవేరిందిరా" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్లం కింద కూర్చుండిపోయాం నవ్వలేక. మాస్టర్ బయటికొచ్చి ఏమైందని అడిగాడు, ఆయనకి అహరోను ఎవరో చెప్పడానికి చిన్నన్నయ్య నిర్గమకాండం నుంచి మొదలెట్టాడు, ఈలోపు ఎవరివో రస్కులు మాడాయి.

ఆ పోయిన డిసెంబరే పెద్దన్నయ్యకీ చిన్నన్నయ్యకీ మాటల్లేవు. అమ్మ ఇంటి పైకప్పు రిపేరు ఖర్చు దగ్గర మొదలై, ఎనిమిది నెలలుగా ఒకరి ఫోను ఒకరు ఎత్తడం లేదు. పదహారు కేజీల పిండి ఉన్న గంగాళానికి ఉన్నవి రెండే చెవులు. ఇంకో ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారుగా అంటే, ఒకడికి నడుంనొప్పి, ఒకడికి చేతులనిండా వెన్న. ఆటో సందు మొదట్లోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి మొయ్యాలి. ఇద్దరూ చెరో చెవి పట్టుకున్నారు. పెద్దన్నయ్య పొడుగు, చిన్నన్నయ్య పొట్టి, గంగాళం ఒకవైపు ఒరిగిపోతోంది. సగం దూరంలో "కొంచెం దించు" అన్నాడు చిన్నన్నయ్య. "నువ్వే ఎత్తు" అన్నాడు పెద్దన్నయ్య. ఎనిమిది నెలల తర్వాత మొదటి మాటలు అవి. కప్పు లెక్క ఇంకా తేలలేదండి, ఇప్పటికీ అప్పుడప్పుడు వాదించుకుంటారు, కానీ ఫోన్లో వాదించుకుంటారు.

ఇంక ఒక స్టార్ ఎందుకు తగ్గించానో చెప్పాలి.

ఆడవాళ్లకి బాత్రూం లేదు. నాలుగు గంటలు కూర్చోబెట్టే చోట ఇది చిన్న విషయం కాదు, మేం అయిదుగురం, అందరం యాభై దాటినవాళ్లం, దగ్గర్లో ఉన్న చిన్నన్నయ్య స్నేహితుడి ఇంటికి వంతులవారీగా వెళ్లొస్తుంటాం. దోమలు. కుర్చీలు లేవు. అడక్కపోతే డబ్బాల అడుగున పాత పేపరు వేసేస్తారు, దాని సిరా కేకుకి అంటుకుంటుంది, ఆహారానికి న్యూస్‌పేపరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ కూడా చెప్తూనే ఉంది. బటర్ పేపర్ మనమే తీసుకెళ్లాలి. వాళ్ల డబ్బాలు కొన్ని తుప్పు పట్టినవి, కాబట్టి డబ్బాలూ మనవే అయితే మంచిది. ఓనర్ గారి నోరు కూడా కొంచెం పెద్దది, రష్ ఉన్నప్పుడు అరుస్తాడు, పట్టించుకోకండి.

అన్నిటికంటే పెద్దది, మార్పిడి. చీటీ మీద ఇంటిపెద్ద పేరు రాసి డబ్బాలకి తగిలిస్తారు. క్రిస్మస్ ముందు వచ్చేవాళ్లంతా ఎవరు? మనవాళ్లే. మూడేళ్ల కిందట ఆ ఒక్క రాత్రి లైన్లో ముగ్గురు డేవిడ్‌లు ఉన్నారు, అందులో ఒకరు మా చిన్నన్నయ్య. మా డబ్బాలు రెండు ఇంకో డేవిడ్ గారింటికి వెళ్లాయి, వాళ్లవి రెండు మా ఇంటికి వచ్చాయి. మాకు తెలియదు. పొద్దున్న అమ్మకి మొదటి ముక్క పెట్టాం, ఆనవాయితీ. అమ్మ తింది. కళ్లు మూసుకుంది. "ఈసారి ద్రాక్షరసం బాగా ఊరిందే" అంది. ఇంకో ముక్క అడిగింది. పెద్దబావ వాసన చూసి మెల్లగా గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు, బయట గోడకి ఆనుకుని ఆయన భుజాలు అదిరిపోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఆ డేవిడ్ గారు ఫోన్ చేసి "వందనాలండి, మా రమ్ము కేకులు మీకు వచ్చాయేమో" అనేసరికి అమ్మ మూడో ముక్కలో ఉంది. ఇప్పటికీ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, మా వాళ్లెవరైనా చదివితే ఊరుకోండి.

అప్పట్నుంచి మా డబ్బాలకి గుర్తు పెట్టాం. ప్రతి కేకు పైన తొమ్మిది జీడిపప్పులు, గుండ్రంగా. పదహారు డబ్బాలకి 144. మాస్టర్‌కి కూడా చెప్పాం, తొమ్మిదుంటే మావి అని. పోయినసారి అందరి డబ్బాలూ బయటికొచ్చేశాయి, మావి పదమూడే ఇచ్చాడు. మిగతా మూడూ పక్కన పెట్టి, "ఇవి మీవి కావమ్మా, ఎనిమిదే ఉన్నాయి" అన్నాడు. అందరం ఒకేసారి చిన్నోడి వైపు తిరిగాం. నలభై తొమ్మిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, "ఆకలేసింది" అన్నాడు. పెద్దప్ప మాస్టర్‌కి వివరంగా చెప్పింది, "బాబూ, ఎనిమిదున్నా మావే, తొమ్మిదోది వీడి కడుపులో ఉంది." ఆయన నమ్మలేదు. ఒక కేకు అంచు తుంచి మాడ్చిన పాకం రంగు చూశాకే ఇచ్చాడు. అంత జాగ్రత్తగా చూస్తాడు కాబట్టి మార్పిడి స్టార్ సగం వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను గానీ బాత్రూం సంగతి గుర్తొచ్చి ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. కేకులు పొద్దున్న పొరుగిళ్లకి వెళ్తాయి, సిరిమాను పండక్కి మాకు ప్రసాదం పంపేవాళ్లకీ, సంక్రాంతికి అరిసెలు పంపేవాళ్లకీ ముందు. గుడ్డు తినని ఇల్లు ఒకటుంది, వాళ్లకి గులాబీ పువ్వులు విడిగా వండుతాం, అచ్చు ముంచే పిండిలో గుడ్డు వేయకుండా. ఆ పని మూడో అప్పది. ఆవిడ పేరు మార్త, బైబిల్లో పనిలోనే మునిగిపోయిన మార్తలాగే వంటింట్లోంచి బయటికి రాదు. పని వదిలేసి కూర్చున్న మరియ కూడా ఉంది మా ఇంట్లో, అది ఎవరో రాస్తే కొడుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లు డిసెంబర్ 10లోపు వెళ్లి రోజు చెప్పించుకోండి, 23, 24 తేదీలు ముందే నిండిపోతాయి. డబ్బాలో మూడింట రెండు వంతులే పిండి పోయండి. చిల్లర పట్టుకెళ్లండి, ఆ సందులో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. శాలువా, దోమల అగరుబత్తి, ఫ్లాస్కులో టీ. చీటీ మీద డేవిడ్ అని మాత్రం రాయించకండి.